మలుపులమ్మ దగ్గర ఆగని బస్సు

రాచపల్లి బస్టాండులో దాలినాయుడు అనే డ్రైవరు ఉండేవాడు. బండి నడపడంలో దిట్టే గానీ, ఒకచోట కాసేపు ఆగాలన్నా, ఒకరి మాట చివరిదాకా వినాలన్నా అతనికి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది.

టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునేవాడు. రైలు గేటు పడితే స్టీరింగు మీద దరువేస్తూ కూర్చునేవాడు. ఎవరైనా "నాయుడూ, నిన్న సాయంత్రం..." అని మొదలుపెడితే చాలు, "తెలుసు, తెలుసు" అనేసేవాడు. ఏం తెలుసో అతనికీ తెలియదు.

అయితే అతని తొందరకు ఒక కారణం కూడా ఉంది. అది చెప్పకపోతే అతనికి అన్యాయం చేసినట్టవుతుంది. అతని భార్య వరాలు పులిగుమ్మి ఆసుపత్రిలో నర్సు. పులిగుమ్మి కొండ మీది ఊరు, రాచపల్లి కొండ కింది ఊరు, మధ్యలో ఘాటు రోడ్డు. వరాలు, కూతురు మౌనిక పైన ఉండేవాళ్ళు. దాలినాయుడు కింద బల్లపరుపు రోడ్ల మీద పెళ్ళి బస్సులూ యాత్రల బస్సులూ నడుపుకుంటూ, సెలవు దొరికినప్పుడు పైకి వెళ్ళేవాడు. వెళ్ళినప్పుడల్లా మౌనిక "ఎప్పుడెళ్ళిపోతావు నాన్నా?" అని అడిగేది. ఎప్పుడొచ్చావని కాకుండా ఎప్పుడెళ్తావని అడిగే పిల్ల ఎదురుగా కూర్చుని అన్నం తినడం ఏ తండ్రికైనా కష్టమే.

అలాంటి రోజుల్లో పులిగుమ్మి బస్సు నడిపే ముసలి డ్రైవరు పని మానుకున్నాడు. ఆ బస్సు పొద్దున్నే కొండ దిగుతుంది, సాయంత్రం కొండెక్కుతుంది, రాత్రికి పులిగుమ్మిలోనే ఉండిపోతుంది. ఆ సీటు దొరికితే దాలినాయుడికి రోజూ ఇంటి అన్నమే. బస్సు యజమాని అప్పలకొండ గారు అతన్ని పిలిపించారు.

"సీటు నీకే ఇస్తానయ్యా. కానీ నీ లైసెన్సు మీద ఘాటు ముద్ర లేదు. శ్రావణం వచ్చేలోగా తెచ్చుకో. ఆ పైన నేను ఆగలేను, ఇంకొకడిని చూసుకుంటాను" అన్నారు.

ఘాటు ముద్ర అంటే మరేమీ లేదు. ఆ కొండ రోడ్డు మీద జనంతో బస్సు నడపాలంటే మామూలు లైసెన్సు చాలదు. ఈ మనిషి కొండ మీద కూడా నడపగలడని రవాణా శాఖవాళ్ళు పరీక్షించి, లైసెన్సు మీద వేరుగా రాసివ్వాలి. ఆ పరీక్ష పెట్టేది బ్రేకు ఇన్‌స్పెక్టరు జోగారావు గారు. ఆయన పొదుపరి. డబ్బు సంగతి నాకు తెలియదు గానీ, మాటల్లో మాత్రం మహా పొదుపరి.

పరీక్ష రోజు జోగారావు గారు ఖాళీ బస్సు ఎక్కి దాలినాయుడి పక్కన కూర్చున్నారు. దాలినాయుడు బస్సును కొండ మీదికి వెన్నపూసలా ఎక్కించాడు. ఒక్క మలుపులో తడబడలేదు. పైన బస్సు తిప్పి, కిందికి దించడం మొదలుపెట్టాడు. మూడో గేరులో వేసి, అవసరమైనచోటల్లా బ్రేకు తొక్కుతూ చకచకా దిగాడు. బల్లపరుపు రోడ్ల మీద అతనికి అలవాటైన పద్ధతి అదే.

దారి మధ్యలో మలుపులమ్మ గుడి ఉంది. గుడి అంటే నాలుగు రాళ్ళు, ఒక రేకు కప్పు, పసుపు పూసిన అమ్మవారు, పక్కనే ఊట నీళ్ళు. కిందికి దిగే ప్రతి బండీ అక్కడ ఆగడం ఆ ఘాటులో ఆనవాయితీ. డ్రైవరు దిగి అగరువత్తి వెలిగిస్తాడు. కుంకుమ తీసుకుని బండి చుట్టూ తిరుగుతూ ప్రతి చక్రానికీ బొట్టు పెడతాడు. అగరువత్తి కాలి ఆరిపోయేదాకా బండి కదలదు. జనం ఈలోపు దిగి నీళ్ళు తాగుతారు, కాళ్ళు చాపుకుంటారు, కబుర్లు చెప్పుకుంటారు. పెళ్ళాం బిడ్డల్ని చూసి వచ్చేటప్పుడు దాలినాయుడు కూడా అక్కడ చాలాసార్లు ఆగినవాడే. ఆగినప్పుడల్లా ఆ అగరువత్తి వంక కోపంగా చూస్తూ, రోడ్డు మీద అటూ ఇటూ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

ఇప్పుడు స్టీరింగు తన చేతిలోనే ఉంది. దాలినాయుడు అక్కడ ఆగలేదు. సీట్లోంచే ఒక దండం పెట్టి, బస్సును అలాగే ముందుకు పోనిచ్చాడు. ఖాళీ బస్సు కాబట్టి ఏమీ కాలేదు.

కిందికి వచ్చాక జోగారావు గారు దిగి, ముందు చక్రం మీద చెయ్యి వేసి చూసి, "అమ్మవారి దగ్గర ఆగలేదేం?" అని అడిగారు.

"దండం పెట్టానండి, సీట్లోంచే."

"దండం సంగతి కాదయ్యా. ఇప్పుడు నీకు ముద్ర ఇవ్వలేను. అక్కడ ఆగేది ఎందుకంటే..."

"తెలుసండీ, తెలుసు" అన్నాడు దాలినాయుడు. అతని ముఖం జేవురించింది. "అమ్మోరికి మొక్కకపోతే లైసెన్సు ఇవ్వరన్నమాట. ఏ చట్టంలో ఉందండీ అది? నేను పైకి రాసుకుంటాను."

అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. జోగారావు గారు నోట్లో మాట నోట్లోనే ఉంచుకుని నిలబడ్డారు. వెనక్కి పిలిచి చెప్పవచ్చు. కానీ ఆయనకూ ఒళ్ళు మండింది. ముద్ర ఇవ్వకపోవడానికి కారణం రాయవలసిన చోట 'దిగేటప్పుడు మలుపులమ్మ వద్ద బండి ఆపలేదు' అని ఒకే వాక్యం రాసి సంతకం పెట్టేశారు.

ఆ కాగితం చేతికి అందగానే దాలినాయుడు దాన్ని బస్టాండంతా చూపించాడు. "చూశారా? అమ్మోరికి కొబ్బరికాయ కొట్టలేదని నా పొట్ట కొట్టాడు" అన్నాడు. విన్నవాళ్ళంతా అయ్యో అన్నారు. ఉన్నమాట చెప్పాలంటే, ఆ కాగితం చూస్తే మనమూ అయ్యో అనేవాళ్ళమే.

వరాలు మాత్రం ఫోనులో, "ఆయన ఎందుకలా అన్నారో అడిగావేటి బావా? ఊరికే అనే మనిషిలా లేరే" అంది.

"అడగడానికి ఏటుంది వరాలూ? కక్ష. నేను అప్పీలు చేస్తున్నాను."

"చెయ్యి. వద్దనడం లేదు. కానీ ముందు ఒకసారి వెళ్ళి..."

అప్పటికే ఫోను పెట్టేశాడు.

ఇన్‌స్పెక్టరు కాదంటే జిల్లా కేంద్రంలో ఉన్న పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కు ప్రతి డ్రైవరుకూ ఉంది. దాలినాయుడు అర్జీ రాయించి, గడువు లోపలే ఇచ్చాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ తరువాతే అతని ప్రాణం అతని దగ్గర నిలవలేదు. రోజు మార్చి రోజు జిల్లా ఆఫీసుకు వెళ్ళేవాడు. గుమాస్తా తల ఎత్తకుండానే "ఇంకా రాలేదు" అనేవాడు. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేవాడు. కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. జ్యేష్ఠం వెళ్ళింది, ఆషాఢం వచ్చింది, వాన మబ్బులు కొండ మీదికి ఎక్కసాగాయి. ఎదురుపడ్డ ప్రతిసారీ అప్పలకొండ గారు "ఏమైందయ్యా?" అని అడిగేవారు. ఆ ప్రశ్న వింటే అతనికి అన్నం సహించేది కాదు. నిద్రలో కూడా కాలు బ్రేకు తొక్కుతున్నట్టు కదిలేది.

చివరికి విచారణకు పిలుపు వచ్చింది. పై అధికారి హేమసుందరి గారు అనే ఆవిడ. కొత్తగా బదిలీ మీద వచ్చారు, పులిగుమ్మి ఘాటు ఇంకా చూడలేదు. ఆ రోజు జోగారావు గారు రాలేకపోయారు. ఎక్కడో లారీ బోల్తా పడితే తనిఖీకి వెళ్ళవలసి వచ్చింది. ఆయన రాసిన ఒక్క వాక్యం మాత్రం ఆవిడ బల్ల మీద ఉంది.

"బండి ఎక్కడైనా తగిలించావా?" అని అడిగారు ఆవిడ.

"లేదు మేడమ్."

"మలుపుల్లో తప్పు చేశావా?"

"ఒక్కటీ లేదు మేడమ్. అమ్మవారి దగ్గర ఆగలేదని, అంతే. ఎవరి నమ్మకం వాళ్ళది కదండీ?"

హేమసుందరి గారు ఆ వాక్యాన్ని మళ్ళీ చదివారు. "ఇది నిలవదు" అన్నారు. "గుడి దగ్గర ఆగలేదని ముద్ర నిరాకరించే అధికారం ఎవరికీ లేదు. అప్పీలు అంగీకరిస్తున్నాను. నీకు ముద్ర వేయమని ఆర్డరు ఇస్తున్నాను."

దాలినాయుడు చేతులెత్తి నమస్కరించాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"కానీ నాయుడూ, ఒక్కమాట. జోగారావు గారు గుళ్ళూ పూజలూ అంటూ తిరిగే మనిషి కారని అందరూ చెబుతారు. అలాంటాయన ఇలా రాశారంటే దాని వెనక ఏదో ఉండే ఉంటుంది. నువ్వు బస్సు ఎక్కేముందు ఆయన్ని ఒకసారి..."

ఆవిడ తలెత్తి చూసేసరికి గుమ్మం దగ్గర తెర ఊగుతోంది. దాలినాయుడు మెట్లు కూడా దిగిపోయాడు.

శ్రావణం మొదటి రోజున అతను పులిగుమ్మి బస్సు ఎక్కాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళి "ఇంకెక్కడికీ వెళ్ళను" అంటే మౌనిక నమ్మలేదు. మర్నాడు సాయంత్రం కూడా తండ్రి వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అప్పుడు నమ్మి, తన బొమ్మలన్నీ తెచ్చి అతని ఒళ్ళో పోసింది. ఆ ఇంట్లో అంత సంతోషం ఎన్నడూ లేదు.

కొండ దిగేటప్పుడు మలుపులమ్మ దగ్గర బస్సు ఆగడం మానేసింది. జనం మొదట గొణిగారు. "ఆగితే అరగంట పోతుంది" అనేవాడు దాలినాయుడు. వానల వల్ల ఆ వారం బస్సులో జనం పలచగానే ఉన్నారు. బస్సు ముందుగా రాచపల్లి చేరేది. ముందుగా చేరడం ఎవరికి చేదు? గొణిగినవాళ్ళే అలవాటు పడిపోయారు.

సంత రోజు వచ్చింది. కొండ మీదివాళ్ళంతా కిందికి దిగే రోజు అది. బస్సు కిక్కిరిసిపోయింది. టాపు మీద అల్లం బస్తాలు, పనస కాయలు, కోళ్ళ గంపలు ఎక్కించారు. వరాలు కూడా ఆసుపత్రికి మందులు తేవడానికి మౌనికను వెంటబెట్టుకుని ఎక్కింది. మౌనిక నాన్న వెనక సీటులోనే కూర్చుని, అతను గేరు మార్చినప్పుడల్లా తనూ చెయ్యి కదుపుతూ మురిసిపోతోంది.

బస్సు దిగుతోంది. దాలినాయుడు మామూలుగానే మూడో గేరులో వేసి బ్రేకు తొక్కుతూ దించుతున్నాడు. బరువు వెనక నుంచి తోస్తున్నకొద్దీ ఎక్కువ తొక్కవలసి వచ్చింది. గుడి కనబడింది.

"బాబూ, అమ్మకాడ ఆపవేటి?" అని అడిగింది అల్లం అమ్ముకునే ముసలమ్మ ఒకామె. "ఈ పొద్దు బరువు మెండుగా ఉంది."

"సంతకు పొద్దెక్కిపోతాది మామ్మా" అన్నాడు దాలినాయుడు. బస్సు గుడి దాటేసింది.

గుడి దాటాకే అసలు దిగుడు మొదలవుతుంది. ఆ ఘాటు మొత్తంలో నిట్టనిలువు దారి అక్కడిదే. అమ్మవారిని పెద్దలు ఆ చోటే ఎందుకు నిలబెట్టారో దాలినాయుడు ఏనాడూ ఆలోచించలేదు.

మొదటి మలుపు తిరిగేసరికి మౌనిక ముక్కు మూసుకుంది. "నాన్నా, ఏదో మాడిపోతోంది."

దాలినాయుడికీ ఆ వాసన తగిలింది. బ్రేకు గట్టిగా తొక్కాడు. పెడలు లోపలికి వెళ్ళింది గానీ బస్సు వేగం తగ్గలేదు. మళ్ళీ తొక్కాడు. బస్సు అతని మాట వినడం మానేసింది. గేరు తగ్గించబోతే కరకరమని శబ్దం వచ్చింది గానీ పడలేదు. ఎడమ పక్క లోయ. కుడి పక్క కొండ. ఎదురుగా ఇంకో మలుపు. వెనక నుంచి జనం కేకలు. ఆ కేకల్లో వరాలు గొంతు అతనికి విడిగా వినబడింది.

అతను మంచి డ్రైవరు కాబట్టి బతికారు. ఆ మాట ఒప్పుకోవాలి. చేతి బ్రేకు లాగి, బస్సును కొండ వైపుకు తిప్పి, వానకు నానిన మట్టికట్టకు రాసుకుంటూ పోనిచ్చాడు. రేకులు చిరిగాయి. అద్దాలు పగిలాయి. కుడి చక్రాలు బురద కాలవలో దిగబడి, బస్సు కొండకు ఒరిగి ఆగిపోయింది.

ఎవరూ చనిపోలేదు. కానీ అల్లం ముసలమ్మ చెయ్యి విరిగింది. ఇంకో ఇద్దరికి తలలు పగిలాయి. మౌనిక నుదురు చిట్లి, కంటి మీదికి రక్తం కారుతోంది. వరాలు కూతురి నుదుటికి తన చీర చెంగు చింపి కట్టింది. ఆ వెంటనే ముసలమ్మ దగ్గరికి వెళ్ళి, ఆ చేతికి పుల్లలు పెట్టి కట్టు కట్టింది. దాలినాయుడి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అతను దిగి బస్సు చుట్టూ తిరిగాడు. ఏం చెయ్యాలో తెలియక ఎడమ చక్రం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వెంటనే లాక్కున్నాడు. అరచేయి కాలిపోయింది. చక్రం లోపలి ఇనుము పొయ్యి మీది పెనంలా ఉంది.

కాలిన చేతిని పట్టుకుని అతను అలాగే నిలబడిపోయాడు. ఇన్నాళ్ళూ డ్రైవర్లు ప్రతి చక్రానికీ బొట్టు పెట్టడం చూశాడు. బొట్టు పెట్టాలంటే చక్రాన్ని తాకాలి. తాకితే ఏది వేడెక్కిందో తెలుస్తుంది. అగరువత్తి కాలేదాకా ఆగితే ఆ వేడి చల్లారుతుంది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ కళ్ళెదుటే ఉంది. చూడడానికి కూడా ఆగాలి కదా, అతను ఆగలేదు.

కట్లు కట్టడం అయ్యాక వరాలు అతని దగ్గరికి వచ్చింది. "ఆయన ఎందుకు ఆగమన్నారో అడిగావా బావా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. దాలినాయుడు తల దించుకుని ఏడ్చాడు.

ప్రమాదం జరిగిన బండిని తనిఖీ చేయవలసింది బ్రేకు ఇన్‌స్పెక్టరే. మధ్యాహ్నానికి జోగారావు గారు వచ్చారు. చక్రాలు చూశారు, లోయ చూశారు, నుదుటికి కట్టుతో కూర్చున్న పిల్లను చూశారు. దాలినాయుడు లైసెన్సు తీసి ఆయన చేతికి ఇచ్చాడు.

"ఇది నాకెందుకయ్యా?" అన్నారు జోగారావు గారు. "నువ్వు గెలుచుకున్నది."

"గెలవడం గెలిచానండి. ఆ రోజు మీరు 'అక్కడ ఆగేది ఎందుకంటే' అని మొదలుపెట్టారు. మిగతాది చెప్పండి."

"ఇప్పుడు చెప్పడానికేం మిగిలింది? నీ చెయ్యే చెప్పేసింది కదా."

"అయినా చెప్పండి. చివరిదాకా వింటాను."

జోగారావు గారు రోడ్డు పక్క రాతి మీద కూర్చున్నారు. మాటల పొదుపు ఆ పూటకు పక్కన పెట్టారు. కొండ దిగేటప్పుడు బరువును ఆపవలసింది ఇంజనే గానీ బ్రేకు కాదని, అందుకే ఎక్కినప్పుడు ఏ గేరు వేశామో దిగేటప్పుడూ ఆ గేరే వేయాలని చెప్పారు. బ్రేకు అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తుందని, ఖాళీ బండిలో ఆ సంగతి తెలియదని, బరువు బండిలో తెలిసేసరికి ఆలస్యమైపోతుందని చెప్పారు. అందుకే నిటారు దిగుడుకు ముందు ఆగి చక్రాలు తాకి చూడాలన్నారు. దాలినాయుడు కదలకుండా నిలబడి విన్నాడు. ఒక్కసారి కూడా తెలుసు అనలేదు.

అంతా అయ్యాక జోగారావు గారు మౌనిక వైపు చూశారు. "నా తప్పూ ఉందయ్యా" అన్నారు. "నువ్వు విసురుగా వెళ్ళిపోయావని నేనూ పంతానికి పోయి ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఇప్పుడు చెప్పిందంతా ఆనాడే కాగితం మీద పెట్టి ఉంటే మేడమ్ గారికి అర్థమయ్యేది, ఈ పిల్ల నుదురు చిట్లేది కాదు."

పులిగుమ్మి బస్సు సీటు వేరే డ్రైవరుకు పోయింది. దాలినాయుడు తన ముద్ర రద్దు చేయమని తానే హేమసుందరి గారికి రాసిచ్చాడు. ఆ ఏడాదంతా మౌనిక తండ్రిని మళ్ళీ సెలవుల్లోనే చూసింది. వచ్చినప్పుడల్లా "ఎప్పుడెళ్ళిపోతావు?" అని అడిగింది. అతను ఆ ప్రశ్నను చివరిదాకా విని, జవాబు చెప్పేవాడు.

మరుసటి ఏడు అతను మళ్ళీ పరీక్షకు వెళ్ళాడు. జోగారావు గారు పక్కన కూర్చున్నారు. దిగేటప్పుడు దాలినాయుడు రెండో గేరు వేశాడు. మలుపులమ్మ దగ్గర బస్సు ఆపి, అగరువత్తి వెలిగించి, మచ్చ పడిన అరచేత్తో ఒక్కొక్క చక్రాన్నీ తాకి బొట్టు పెట్టాడు. తరువాత వచ్చి ఊట పక్కన కూర్చున్నాడు.

సగం వత్తి కాలేసరికి జోగారావు గారే లేచారు. "ఖాళీ బండే కదయ్యా, చల్లగానే ఉంది. నాకు ఆఫీసులో పనుంది. పోదామా?"

"కాసేపు ఆగండి సార్" అన్నాడు దాలినాయుడు. "ఇంకా ఆరలేదు."

జోగారావు గారు నవ్వుకుని మళ్ళీ కూర్చున్నారు. ముద్ర ఇవ్వాలని ఆయన అక్కడే నిర్ణయించుకున్నారు.

మనల్ని కాదన్నవాడి మీద పోరాడే హక్కు మనకు ఎప్పుడూ ఉంటుంది. కానీ ఎందుకు కాదన్నాడో చివరిదాకా విన్న తరువాతే పోరాడాలి, ఎందుకంటే వాదనలో గెలిచినంత మాత్రాన మన తప్పు ఒప్పయిపోదు.